గౌహతి చేరిన మన చేపపిల్లలు

నాన్నగారూ, అమ్మకూ మీకూ వందనాలు. ఫోనులో చెబితే నమ్మరని కార్డు రాస్తున్నానండి.

మన చేపపిల్లలు బతికి చేరాయి! హైదరాబాదు నుంచి గౌహతికి పదహారు వందల కిలోమీటర్ల పైమాటే, అయినా విమానంలో రెండున్నర గంటలే గనుక సంచుల్లో ఆరు గంటల ఆక్సిజన్ చాలన్నాడు కార్గో ఏజెంటు. "ఏలూరు నుంచి హైదరాబాదుకి మా వ్యాను కూడా ఎగురుతుందాండీ?" అని అడిగి, ఇరవై నాలుగు గంటలకు సరిపడా పట్టించాను. చెరువు నుంచి చెరువుకి పద్దెనిమిది పట్టింది. ఇరవై వేలలో పోయినవి ఏడంటే ఏడే!

మీరన్నట్టు ముందురోజు మేత ఆపడం మేలైంది. ఇక్కడి చెరువువాళ్లు ఇంకో లక్ష పిల్లలు అడిగారు, రెండో చెరువు చూసి ఉంచండి. బాతులు గుడ్లు పెడుతున్నాయా?

చేపపిల్లలు ఇవాళ మేత తిన్నాయి. నాకోసం శుక్రవారాలు ఉపవాసముంటున్న అమ్మనూ ఇక తినమనండి.

మీ రూబీ