లోతుకు దిగిన మాష్టారు

స్కార్న్‌బీ, నవంబరు 28

టడెన్‌హామ్ మాష్టారికి,

ఎనిడ్ పాస్కో నమస్కరించి రాయునది. క్రిస్మస్ మర్నాడు, బాక్సింగ్ డే పొద్దున, ఊరంతా సముద్రపొడ్డుకు చేరుతుంది. ఆపదలో ఉన్నవాళ్ళను కాపాడే మన రక్షక పడవకు కొత్త ఇంజను చందాల కోసం ఈసారి మీరు ముందుంటే బాగుంటుందని కమిటీ అనుకుంది. మీరు ఊరికి వచ్చి పది నెలలే అయినా చనువు తీసుకుంటున్నాను. కాదనకండి.

ఇట్లు,
కమిటీ కార్యదర్శి

తా.క.: చలిగా ఉంటుంది.

డిసెంబరు 2

ఎనిడ్ గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రిటైరయ్యాక నన్నెవరూ ముందుకు పిలవలేదు, వెనక బెంచీకి కూడా పిలవలేదు. ఈ పండగ పుట్టుక గురించి అందరూ పైపైన తడుముతారు. యజమానులు నౌకర్లకు కానుకల పెట్టెలిచ్చేవారని కొందరు, చర్చిలో హుండీ పెట్టె తెరిచేవారని కొందరు. నేను మాత్రం లోతుకు దిగుతాను. అడుగు తగిలేదాకా పైకి రాను.

మీ విధేయుడు,
ఆంబ్రోస్ టడెన్‌హామ్

తా.క.: నలభై నిమిషాలు చాలా?

డిసెంబరు 6

మాష్టారూ,

నలభై నిమిషాలా? మావాళ్ళు రెండు నిమిషాలకే పళ్ళు కొట్టుకుంటూ పరిగెత్తుకొస్తారు. డాక్టరుకు చెప్పారా? ఏం వేసుకొస్తారు? బేకరీ ట్రెవర్ నిరుడు క్రిస్మస్ తాత టోపీ తప్ప దాదాపు ఏమీ వేసుకోలేదు.

ఇట్లు,
ఎనిడ్

తా.క.: తువాలు మర్చిపోకండి.

డిసెంబరు 9

ఎనిడ్ గారికి,

జనం రెండు నిమిషాలకే లేచిపోయారంటే తప్పు వక్తది. ట్రెవర్ సంగతి నాకనవసరం, నేను సూటూ టైతో వస్తాను. తువాలు ఎందుకన్నారో అర్థమైంది. నేను మాట్లాడితే తుంపర్లు పడతాయని ఎవరో మీకు చెప్పుంటారు. ముందు వరసవాళ్ళకు తలా ఒకటి ఇవ్వండి.

మీ విధేయుడు,
ఆంబ్రోస్

తా.క.: పద్నాలుగు పేజీలయ్యాయి.

డిసెంబరు 26, సాయంత్రం

ఎనిడ్ గారికి,

వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని రాస్తున్నాను. మైకెక్కడ అనడిగితే మీరు సముద్రం వైపు చూపించారు. రెండొందలమంది చప్పట్లు. అప్పుడు నాకు ఈత రాదని ఎలా చెప్పను? ఇంగ్లీషువాడు మునిగైనా పోతాడు గానీ, పొరపాటైందని నలుగురిలో అనడు.

సూటుతోనే నీళ్ళలోకి దిగి చదవడం మొదలెట్టాను, చర్చి హుండీ పేజీ మొదటి అలకే పోయింది. నౌకర్ల పెట్టెల దగ్గరికొచ్చేసరికి నోట్లోకి ఉప్పునీళ్ళు వచ్చాయి. చివరికి ట్రెవర్ భుజానేసుకుని తెచ్చాడు. ఈసారి అతనికి టోపీ కూడా లేదు. అదంతా భరిస్తాను. నా మాట ఒక్కటీ ఎవరూ వినలేదు చూశారా, అదే బాధ.

ఇట్లు,
తడిసిన టడెన్‌హామ్

తా.క.: టై ముడి రావడం లేదు. దాంతోనే పడుకుంటాను.

డిసెంబరు 27

మాష్టారూ,

ఇంజను వచ్చేస్తోంది, అదీ మీ పుణ్యమే. ఇక నా పాపం వినండి. మీరు ఉపన్యాసమనుకుంటున్నారని మీ మొదటి ఉత్తరంతోనే నాకు తెలిసిపోయింది. కానీ ఈస్టరు గుడ్ల మీద మీ అంతట మీరే పూనుకుని మాట్లాడినప్పుడు వచ్చింది ఆరుగురం. ఇద్దరు నిద్రపోయారు, అందులో ఒకదాన్ని నేనే. సూటేసుకున్న మాష్టారు సముద్రంలో దిగుతారంటే ఊరు ఊరంతా వచ్చింది. నాకు సిగ్గుగానే ఉంది. తొమ్మిదేళ్ళుగా చందాల కోసం ఈ చలి మునకలు నేనే జరిపిస్తున్నాను, ఒక్కసారి కాలు తడుపుకోలేదు.

రేపు మధ్యాహ్నం మా ఇంటికి రండి. మిగిలిపోయిన టర్కీ ఉంది. మొత్తం చదవండి, కళ్ళు మూయకుండా వింటాను.

మీ
ఎనిడ్

తా.క.: గుమ్మంలో పెట్టె చూసుకోండి, ఉన్ని మేజోళ్ళు. పనిచేసినవాళ్ళకు ఇవ్వాలని మీరే రాశారుగా.

ఇంకో తా.క.: కాగితాలు ట్రెవర్ ఏరుకొచ్చాడు, మా పొయ్యి దగ్గర ఆరబెట్టాను. పద్నాలుగూ ఉన్నాయి. మీ ఉపన్యాసంలో ఇప్పుడు కాస్త ఉప్పైనా ఉంది.