నా కంచంలో పడ్డ తలకాయ

అమ్మా,

నేను కులాసా. నువ్వు భయపడ్డట్టు పడవెక్కి తిరగడం లేదు, గదిలో కూర్చుని చేపల వయసు చూస్తున్నాను. చేప చెవి లోపల చిన్న రాయి ఉంటుంది. కోసి చూస్తే చెట్టు మానులోలా ఏడాదికో వలయం కనిపిస్తుంది. ఏ వయసు చేపలు ఎన్ని మిగిలాయో తెలిస్తేనే ఎన్ని పట్టుకోవచ్చో చెప్పగలం.

నిన్న కొత్త వంటావిడ మేం పరీక్షకు దాచిన చేపను వండేసింది. "ఫ్రిజ్‌లో ఉంటే కూరకే అనుకున్నానమ్మా!" అంది. మాకు ఈ పని నేర్పే మాస్టారు నెత్తి కొట్టుకుని, "తలకాయ ఎవరికి పడింది?" అన్నారు. నా కంచంలోనే ఉంది! రాయి తీసి, కడిగి, కోసి చూస్తే ఆ చేప నా ఈడుదే. ఒక వలయం మాత్రం మరీ ఇరుకు, ఆ ఏడు దానికి తిండి దొరకలేదు. లెక్కేస్తే, అప్పట్లో నాన్న పనిచేసిన మిల్లు మూతపడిన ఏడే.

నా పాత స్వెట్టరు పంపు. వంటింటి కుళాయి బాగుచేయించారా? తమ్ముడికి ముద్దులు.

మళ్లీ పని పోయిందని నాన్న సరిగా తినడం లేదన్నావు. ఆ ఇరుకు ఏడు దాటాక చేప ఎన్నడూ పెరగనంత పెరిగిందని చెప్పి, మారు వడ్డించు.

నీ పెద్దపిల్ల