రమ మళ్ళీ కారు తీసింది

సరోజా, మన రమ మళ్ళీ కారు నడిపిందే. రేపు నీ సంవత్సరీకమని హైదరాబాదు నుంచి నన్ను జగ్గయ్యపేటకి తనే తీసుకొచ్చింది. నిన్ను ఆస్పత్రికి తీసుకెళ్తూ ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయిన రోజు నుంచి, తన వల్లే ఆలస్యమైందని తాళం ముట్టలేదు పిచ్చిపిల్ల. ఆఫీసుకి రెండు బస్సులు మారి వెళ్ళేది.

ఇవాళ ఎల్బీనగర్‌లో బండ్లన్నీ ఆగిపోతే అది స్టీరింగుని రెండు చేతులా బిగించి పట్టుకుంది. నేనేమో పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతున్నా.

"నాన్నా, బ్రేకు నా దగ్గరుంది. ఆ కాలు తీయి" అని నవ్వింది. ఏడాది తర్వాత నవ్వింది సరోజా. హైవే ఎక్కాక చిల్లకల్లు దాకా ఒకటే కబుర్లు. నా సంతోషం ఎంతని రాయను.

ఇక అందరికీ చెప్పాలి. నందిగామలో మీ అక్కకి, పెనుగంచిప్రోలులో మా చెల్లికి, మా పెద్దన్నయ్యకి. కారు అమ్మేయమన్న మీ తమ్ముడికైతే రెండుసార్లు చెప్తా.