వరండాలో రెండో బ్యాచ్

గురజాల,
ఆదివారం.

నా బంగారు తల్లి నిఖత్‌కు మీ అమ్మీ సలాము, బోలెడు దువాలు.

అల్లా దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు వేళకు తింటున్నావని, ఆ మైసూరు తియ్య సాంబారుకు ఈపాటికి అలవాటు పడ్డావని తలుస్తాను. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఫోన్‌లో నీ గొంతు వినగానే చెప్పాల్సింది దాటేస్తున్నాను. నువ్వు కూడా ఈసారి మాత్రల పార్సిల్లో అంత పెద్ద ఉత్తరం పెట్టి పంపావు కదా, అందుకే నేనూ కాగితం పట్టుకున్నాను. ఉర్దూ నాకు నోటికి వచ్చినంతగా చేతికి రాదు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను.

అబ్బా మోకాలి నొప్పి సంగతి అడిగావు. తగ్గింది, కానీ ఒప్పుకోరు. ఒప్పుకుంటే మోటార్ల షాపు పొద్దున్నే తెరవాలి కదా! మిరపకాయల ఘాటుకు వీధంతా తుమ్ములే. భవిత టీచరు గురించి కూడా అడిగావు. నువ్వు నేర్పించి వెళ్ళినట్టే బడిలో పిల్లలకు పాఠాలన్నీ శ్రద్ధగా చెప్పింది, ఆమె వైపు లోపం వెతకకు. మొన్న బజారులో కలిసి, "మీ అమ్మాయి ఫోన్ తీయట్లేదేందమ్మా, చానా దిగులుగా ఉందా?" అంది. ఏదో పనిలో ఉండి ఉంటుందిలే అని తప్పించుకున్నాను.

నీ ఉత్తరం చదువుతూనే ఉన్నాను. మాటల్లో చురుగ్గా ఉండి, పుస్తకం తెరిస్తే మాత్రం నోరు మూతపడే పిల్లల కోసం నువ్వు ఎన్నాళ్ళు తిరిగావో నాకు తెలియదా? మాటను ముందు చెవితో పట్టాలని, చప్పట్లు కొట్టి ముక్కలు చేయాలని, ఒక ముక్క తీసేసి మిగిలింది పలకాలని, ఆ తర్వాతే కార్డు మీది అక్షరం చూపించాలని భవితకు మన వరండాలోనే నేర్పావు. నేను పక్కన చింతపండు గింజలు తీస్తూ అంతా విన్నాను. ఏ పిల్ల ఏ బ్యాచో తేల్చే చిట్టీలు కూడా అక్కడే తీశావు. మొదటి బ్యాచ్‌కు వెంటనే పాఠాలు, రెండో బ్యాచ్‌కు ఆఖరి పరీక్ష అయ్యాకే. మన వెనక సందు జమీర్ కూతురు ఆయేషా పేరు రెండో బ్యాచ్‌లో పడింది.

ఇదేం న్యాయమని నేనడిగితే, "అమ్మీ, రెండు చేలలో ఒకదానికే మందు కొట్టి చూస్తేనే కదా ఆ మందు పనిచేసిందో లేదో తెలిసేది" అన్నావు. తల ఊపాను. ఊపడమే గానీ బుర్రకెక్కించుకోలేదు.

ఇప్పుడు రెండు బ్యాచ్‌లూ ఒకే తీరుగా మెరుగయ్యాయని రాశావు. వయసుతో వచ్చే చదువే వచ్చింది, నీ పాఠాల వల్ల ఒరిగిందేమీ లేదన్నారట మీ గైడు మేడం. దాచేపల్లి బడుల్లో జూన్‌లో మొదలుపెట్టాల్సిన పాఠాలు కూడా ఆపేస్తున్నారట. "నా కష్టమంతా" అని ఒక వాక్యం మొదలుపెట్టి కొట్టేశావు. కొట్టేసినా చదివాను.

చివర్లో ఒక మాట అడిగావు. రెండో బ్యాచ్ పిల్లలు బయట ఎక్కడైనా ట్యూషన్‌కు వెళ్ళారేమో కనుక్కోమని. అదే మాట ఫోన్‌లో అడిగితే నాకేం తెలుసు అన్నాను. అబద్ధం చెప్పాను బిడ్డా. వెళ్ళారు. మన వరండాకే వచ్చారు.

పాఠం జరుగుతుంటే ఆయేషా బడి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేది. లోపలి పిల్లలు చప్పట్లు కొడితే ఇది చప్పుడు కాకుండా చేతులు కలిపేది. ఒక సాయంత్రం మన గుమ్మంలోకి వచ్చి, "మమ్మల్ని ఎందుకు రానియ్యరు ఖాలా? మేమేం తప్పు చేశాం?" అని అడిగింది. మనింట్లో వండినదాని వాసన గోడ దాటితే గిన్నె కూడా గోడ దాటాలని మా అమ్మ, మీ నానీ, నాకు నేర్పింది. పక్కింటి హిస్సా, వాళ్ళ వాటా, తీయకుండా నేను ఏనాడూ ముద్ద నోట పెట్టలేదు. ఒక పిల్లకు పెట్టి ఇంకో పిల్లను చూస్తూ కూర్చోమనడం నా వల్ల కాలేదు. నీ బీరువాలోంచి మిగిలిన కార్డుల కట్ట తీశాను. ఆయేషా వెనక రెండో బ్యాచ్‌లో మిగతావాళ్ళూ వచ్చారు. ఇక్కడ తెలుగులోనే మాట్లాడాలని షరతు పెట్టి, నువ్వు చెప్పినట్టే చెప్పాను.

అబ్బా ఆనాడే, "నిఖత్‌ను అడిగి చెయ్యవే" అన్నారు. "నాలుగు చప్పట్లు నేర్పితే దాని డాక్టరేటు పోతుందా ఏంది?" అని ఆయన నోరు మూయించాను. పరీక్షకు నువ్వొచ్చిన రోజున నీకు చెప్పొద్దని పిల్లల నోళ్ళూ మూయించాను. నీకు కోపం వస్తుందని భయం, అంతే. రెండు చేలకూ మందు కొట్టి, ఆ మందే పనికిరాదని నీ చేత అనిపించానని నీ ఉత్తరం చదివాక గానీ తెలియలేదు. ఈ వీధి పిల్లలకు హిస్సా పంచానని మురిశాను గానీ, దాచేపల్లి పిల్లల గిన్నె నా చేతులారా బోర్లించాను.

ఈ ఉత్తరం మీ మేడంకు చూపించు. అబిదా అని నా పేరు రాసుకోమను, తిట్టదలిస్తే నన్నే తిట్టమను. మళ్ళీ మొదటి నుంచి చేయాలంటే వేరే ఊళ్ళో చెయ్యి, ఆ ఊరి పొలిమేర కూడా నేను తొక్కను. నాతో మాట్లాడకపోయినా సరే, నీ పాఠాలు పనికిరావని మాత్రం రాయకు.

కవరు మీద వంకర అక్షరాలు ఎవరివా అనుకుని ఉంటావు. ఆయేషావే. ఇప్పుడే నా పక్కన కూర్చుని రాసింది. యూనివర్సిటీ అన్న మాట దగ్గర ఆగి, ముక్కముక్కకూ చప్పట్లు కొట్టుకుని పూర్తి చేసింది. కలం మూసి, "దాచేపల్లిలో మా చిన్నాన్న కూతురు గూడా అచ్చం మునుపటి నాలాగే చదవలేదు ఖాలా. నిఖత్ బాజీ ఆ బడికి ఎప్పుడొస్తాది?" అని అడిగింది.

కవరు ఇటివ్వు, అంటించాలి అన్నాను.

ఇట్లు,
నీ మాట వినని నీ అమ్మీ,
అబిదా.