పేరు కింద తేలు

సూర్యలంక

చిరంజీవి వెంకటస్వామికి మేనత్త దీవెనలు.

బాపట్ల ఆఫీసు కంప్యూటర్‌ని గుంటూరు కంప్యూటర్‌తో కలపడానికి నువ్వే వస్తున్నావంట గదా. గాలివానకి సముద్రంలో తప్పిపోయినవాళ్ల పేర్లు బాపట్లలో ఉన్నాయి. ఒడ్డుకి కొట్టుకొచ్చిన శవాల చేతుల మీది పచ్చబొట్టు పేర్లు గుంటూరులో ఉన్నాయి. “రెండూ కలిపితే మీ అబ్బాయి సంగతి తేలిపోద్ది మామ్మగారూ” అన్నాడు గుమాస్తా. అప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు.

ఈ తీరంలో పోలయ్యలు చాలామంది నాయనా. ఒట్టి పేరు కలిసిందని నా కొడుకుని చచ్చినవాళ్లలో కలపబాకు. మన పోలయ్యకి పేరు కింద తేలు బొమ్మ కూడా ఉంటుంది. ఆ మిషనుకి తేలు తెలుసుద్దా?

తేలు కూడా ఉంటే మాత్రం ఉత్తరం రాయబాకు. పోస్టు అందుకుని చదివేది కోడలే. నువ్వే రా.

మీ అత్త