తులవారి ఇంటికి యతి

లెక్చరర్ గారికి,

"ఏమండీ" అని మొదలుపెట్టే అలవాటు పోయి ఆరేళ్లయింది. కాబట్టి ఉద్యోగం పేరుతోనే పిలుస్తున్నాను. మీకూ అదే ఇష్టం కదా. కరెంటు బిల్లు మీద కూడా డిగ్రీలు వేయించుకోవాలని చూసిన మనిషి మీరు.

మా సంపాదకుడికి మీరు పంపిన ఫిర్యాదు నా బల్ల మీదికి వచ్చింది. "పదకొండు వారాలుగా నా సమాధానాలన్నీ సరైనవే. అయినా ఒక్కసారీ నా పేరు వేయలేదు. పోటీ నడిపేవారికి ఛందస్సు రాదని నా అనుమానం" అని రాశారు. అనుమానం ఎందుకు, చెప్తాను. నడిపేది నేను.

మా జ్యోతిష్కుడు చెప్పాపెట్టకుండా వేరే పత్రికలో చేరిపోయాడు. వారఫలాలు ఎవరు రాస్తారని సంపాదకుడు తల పట్టుకున్నాడు. పద్యానికీ పథ్యానికీ తేడా తెలియని మహానుభావుడు. ఏదో ఒకటి గిలికెయ్యమ్మా, పేజీ నిండాలి అన్నాడు. నింపుతూ నింపుతూ, ఊసుపోక లోపల ఒక చిక్కుముడి దాచాను. పన్నెండు రాశుల్లో పన్నెండు అక్షరాలు. సరిగ్గా పేరిస్తే నేను రాసిన ఒక పద్యపాదం వస్తుంది. ఎలా పేర్చాలో ఫలాల్లోనే ఆనవాళ్లు ఉంటాయి. "మేషంవారికి గురుబలం బాగుంది" అంటే అక్కడ గురువు పడాలి. "కర్కాటకంవారు లఘువుగా భోంచేయాలి" అంటే లఘువు. "తులవారి ఇంటికి యతి వస్తాడు" అంటే యతిస్థానం అక్కడ. ముడి విప్పిన పాఠకుల నుంచి నాలుగు కార్డులు రాగానే సంపాదకుడు దానికి "పోటీ" అని పేరు పెట్టి, ఆలోచన తనదేనని అందరికీ చెప్పుకున్నాడు. ఇక మా పాఠకుల తెలివి. తులరాశి ఆయన ఒకడు వారం రోజులు సెలవు పెట్టి, వచ్చే సన్యాసి కోసం గుమ్మంలో కాపు కాశాడట. రాలేదని నన్ను తిడుతూ రెండు పేజీలు రాశాడు.

మీ కార్డులు మాత్రం ప్రతివారం అక్షరం పొల్లుపోకుండా వచ్చేవి. అదే గుండ్రటి చేతిరాత, సంతకం కింద అదే గీత, గీత కింద డిగ్రీలు. చూడగానే చించేదాన్ని. పదకొండూ చించాను. రెండు మూడు తప్పులు రాసినవాళ్లను ఏరి గెలిపించాను.

ఎందుకో మీకు గుర్తుండదు. మీ కాలేజీవాళ్లు నలుగురు ఇంటికొచ్చిన రోజు నా పద్యాన్ని నాచేతే చదివించారు. చదవడం అయ్యాక, బోర్డు ముందు నిలబడ్డట్టు వేలు గాలిలో ఆడిస్తూ, "మూడో పాదంలో యతి చచ్చింది, విన్నారా? మా ఆవిడకి కూరలో ఉప్పు కుదురుతుంది గానీ పద్యంలో యతి కుదరదు" అన్నారు. నలుగురూ నవ్వారు. కిటికీ పక్కన మీ అమ్మగారు తల వంచుకుని కూర్చున్నారు. ఆ యతి సరిగ్గానే ఉంది. నేను వాదించలేదు. ఆరు నెలల తర్వాత పెట్టె సర్దుకున్నాను. నేను వెళ్లిపోవడానికి మీరు ఇంకేదో కారణం చెప్పుకుంటున్నారని విన్నాను. చెప్పుకోండి.

ఈసారి మీ యతులన్నీ కుదిరాయి. అయినా ఓడిపోయారు. ఎలా ఉంది?

ఒకప్పటి మీ ఆవిడ

* * *

అమ్మాయికి,

నీ ఉత్తరం చదివి మావాడు ఉండ చుట్టి మూలకి విసిరేశాడు. వాడు కాలేజీకి వెళ్లాక కర్రతో దగ్గరికి లాక్కుని చదివాను. నాకు కుడిచెయ్యి పడిపోయి రెండేళ్లు కావస్తోంది. ఇది ఎడమచేత్తో, నాలుగు రోజులు కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోకు.

ఆ కార్డులు వాడివి కావమ్మా, నావి. నేను చెప్తుంటే వాడు రాసేవాడు. నా పేరు పెట్టమంటే, ఆడవాళ్ల పేరు చూస్తే పక్కన పడేస్తారు, నా పేరుంటే బరువుగా ఉంటుంది అన్నాడు. ఫిర్యాదు ఒక్కటే వాడి సొంతం. పదకొండు వారాలు నా నోట విని విని, అన్నీ తనే విప్పానని నమ్మేశాడు. తన గురించి ఏదైనా సరే వాడు చప్పున నమ్ముతాడు.

రాసేది నువ్వేనని మూడో వారానికే పోల్చుకున్నాను. "వృశ్చికంవారు ఎదుటివారు చెప్పినదానికల్లా తలూపి, తమ పని తాము చేసుకోవడం మేలు" అని ఉంది. ఈ ఇంట్లో నాలుగేళ్లు నువ్వు చేసింది అదేగా. వాడికి చెప్పలేదు. శుక్రవారం పత్రిక వస్తే నీతో కాసేపు కబుర్లాడినట్టుండేది. అందుకే ఎదురు చూసేదాన్ని.

ఇంకో మాట ఉంది. ఆ రోజు నీ యతి తప్పలేదని నాకు తెలుసు. పదేళ్ల వయసులోనే మా నాన్న దగ్గర అవన్నీ నేర్చుకున్నాను. "తప్పు నీదిరా" అని ఒక్క మాట అంటే సరిపోయేది. కొడుకు నలుగురిలో చిన్నబోతాడని నోరు కట్టేసుకున్నాను. చిన్నబోయింది నువ్వు. కార్డులు చించినందుకు నిన్ను ఏమనను?

అత్తయ్య

* * *

అత్తయ్యకు,

మీ ఉత్తరం ఆఫీసులోనే విప్పాను. చదువుతుంటే ముందు మీ అబ్బాయి మీద ఏవగింపు కలిగింది. అది పాతదే. ఆ తర్వాత కలిగింది మాత్రం నా మీద. రాసింది ఒప్పో తప్పో లెక్కచేయకుండా, ఎవరిదో చూసి కొట్టిపారేయడం నేను ఎవరి దగ్గర నేర్చుకున్నానో అర్థమైంది.

లేచి సంపాదకుడి గదికి వెళ్లి జరిగింది చెప్పాను. సవరణ వేద్దాం అన్నాను. ఒక ముసలావిడ కోసం పత్రిక పరువు తీస్తావా అన్నాడు. ఒక్క వారం తప్పు ఒప్పుకుంటే మిగతా వారాలూ దొంగవేనా అని అడుగుతారట. "దొంగవేనండీ" అన్నాను. మంచినీళ్లు తాగి పని చూసుకోమన్నాడు. తలూపి వచ్చాను.

మా సంపాదకుడు ఆ పేజీ ఏనాడూ అచ్చుకు ముందు చదవడు, తర్వాతా చదవడు. కాబట్టి ఈ శుక్రవారం పన్నెండు రాశులకూ కలిపి ఒకే సంగతి రాశాను. పదకొండు వారాలూ ఈ పోటీ గెలిచింది ఒక్కరేనని మేషంలో మొదలుపెట్టాను. ఆవిడ కార్డులను నేనే, పగతో, చించానని కర్కాటకానికల్లా చెప్పేశాను. తులలో, వృశ్చికంలో ఆ పదకొండు పాదాలు ఎంత కష్టమైనవో, ఆవిడ ఎంత సులువుగా విప్పారో రాశాను. మీనంలో మీ పేరు పూర్తిగా వేశాను, డిగ్రీలు లేకుండా.

పత్రిక పొద్దున పదింటికి బజార్లోకి వచ్చింది. పదిన్నరకి నా ఉద్యోగం పోయింది. సంపాదకుడు వారఫలాలు చదవడం అదే మొదటిసారి. మధ్యాహ్నం లోపల ముగ్గురు ఫోన్ చేశారట, మకరానికి ఈ వారం ఎలా ఉందో వేయడం మరిచారేమని. ఈ జనం కోసమా నేను అక్షరాలు దాచింది అనిపించింది. కాదు. ఇన్నాళ్లూ మీ ఒక్కరి కోసమే రాశాను, తెలియకుండా.

ఆ రోజు మీరు ఊరుకున్నది నేను ఇంకా క్షమించలేదు. అబద్ధం రాయను. నేను చించినవి మీరూ క్షమించనక్కర్లేదు. కానీ వచ్చే వారం, శనివారం పదకొండింటికి వస్తున్నాను, మీ అబ్బాయి ఇంట్లో ఉన్నా సరే. తలుపు మాత్రం మీరే తీయండి. తొందర పడకండి. ఎంతసేపైనా నిలబడతాను.

మీ కోడలు