వాసవి బడిలో బోణీ

అన్నకు, వదినకు తమ్ముడు శ్రీనివాసులు నమస్కారాలు. నంద్యాలలో మేం ముగ్గురం, అంటే నేను, సుజాత, మా వాసవి, ఏ నలతా లేకుండా బాగున్నాం. నీ మోకాలు ఎట్లా ఉంది? వదిన నూనె రాస్తోందా, లేక రాయించుకోకుండానే అంగడికి పరుగెత్తుతున్నావా? మీ పిల్లలిద్దరూ బాగా చదువుకుంటున్నారని తలుస్తాను.

చేతిలో ఫోను పెట్టుకుని ఈ కాగితం ఎందుకని నవ్వుతావు. ఫోనులో మనిద్దరం రెండు మాటలు మాట్లాడుకుంటే మూడో మాటకు గొంతులు లేస్తాయి. మొన్నా అంతే అయింది. ఎవరం ముందు పెట్టేశామో గాని, చెప్పాల్సింది చెప్పనే లేదు. కాగితమైతే నువ్వు మధ్యలో అడ్డం రాలేవు. మా మిల్లుకు వడ్లు తెచ్చిన దొర్నిపాడు రైతు ఒకాయన రేపు ఆళ్లగడ్డ మీదుగా ఊరికి పోతున్నాడు. ఆయన చేతికిస్తున్నాను. మజ్జిగ ఇచ్చి పంపు.

వాసవిని ఇక్కడి ఈ ప్రత్యేక బడిలో చేర్చేటప్పుడు నెల రోజులు చూద్దామన్నావు. అప్పటికీ నీకు నచ్చకపోతే నువ్వే వచ్చి పిల్లను ఆళ్లగడ్డకు తీసుకుపోతానన్నావు. నేనూ సరేనన్నాను. ఆ నెల ఈ ఆదివారంతో అయిపోతుంది. ఆటో కూడా మాట్లాడి పెట్టుకున్నావని వదిన చెప్పింది. నువ్వు వచ్చేలోగా ఇక్కడ ఏం జరిగిందో నీకు తెలియాలని రాస్తున్నాను. నిదానంగా చదువు.

ముందు మా సంగతి. మిల్లులో పని బాగానే ఉంది. బస్తాలు లారీలకు ఎక్కించే దగ్గర నిలబడాలి. మన అంగట్లో కూర్చుని పని చెప్పినవాణ్ణి, పిల్ల బడి కోసం ఇక్కడికొచ్చి ఇప్పుడు ఇంకొకరు చెబితే చేస్తున్నాను. మొదటి వారం కొంచెం కష్టమనిపించింది, ఇప్పుడు అలవాటైంది. ఒళ్లంతా తవుడు దుమ్ము. సాయంత్రం ఇంటికొస్తే సుజాత నీళ్లు పోసుకోనిదే గడప దాటనివ్వదు. ఎండలు మనకంటే ఇక్కడ ఎక్కువనే అనిపిస్తుంది. సుజాత మాత్రం ఎండ రెండు చోట్లా ఒకటే, నీకే ఇక్కడ నీడనిచ్చే మనుషులు లేరు అంటుంది. నిజమే. వీధిలో మమ్మల్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అక్కడైతే బజారు ఆ కొస నుంచి ఈ కొస దాకా వాసవీ వాసవీ అని పిలిచేవాళ్లు. ఇక్కడ మొదట్లో పిల్ల వంక వింతగా చూసేవాళ్లు. నాకు మండిపోయేది. ఇప్పుడు ఇంటి ఓనరమ్మ బొరుగులతో ఉగ్గాని చేసినప్పుడల్లా పిల్లకు ఇంత గిన్నెలో పెట్టి పంపుతోంది. తిండికి లోటు లేదు, దిగులు పడకండి.

ఇంక బడి సంగతి. వాసవి గురించి నీకు నేను చెప్పేదేముంది. పుట్టినప్పుడే డాక్టరు డౌన్ సిండ్రోమ్ అన్నాడు, అన్నీ నిదానంగా వస్తాయన్నాడు. ఆ రోజు నేను ఆసుపత్రి మెట్ల మీద కూలబడితే పిల్లను ఎత్తుకున్నది నువ్వు. ఊళ్లో బడిలో చివరి బెంచీలో కూర్చోబెట్టి వదిలేస్తే, ఇంక నా దగ్గరే ఉంటుందిలే అని అంగట్లో పక్కన కూర్చోబెట్టుకున్నదీ నువ్వే. ఆ తర్వాత పొద్దున మొదటి బేరం డబ్బు మనిద్దరి చేతుల్లో ఎప్పుడైనా పడిందా? పిల్ల చేతికే ఇవ్వాలి. అది రెండు కళ్లకూ అద్దుకుని గల్లాపెట్టెలో వేస్తేనే తక్కెడ కదలాలి. దాని చేతి బోణీ మంచిదని పక్క బట్టలంగడాయన కూడా ఒక్కోరోజు పిల్లను తన అంగడికి ఎత్తుకుపోయేవాడు.

ఆ బోణీయే ఇక్కడ మా కొంప మీదికి తెచ్చింది.

బడిలో చేర్చిన కొత్తలో పిల్ల లోపలికి పోయేది కాదు. గేటు దగ్గరే నిలబడేది. కొత్త కదా, బెరుకేమో అనుకున్నాం. నేను మిల్లుకు వెళ్లాక అక్కడ జరిగేదేమిటంటే, ముందుగా ఎవరు పిల్లల్ని దింపడానికి వస్తే వాళ్ల ముందు చెయ్యి చాపేది. పాపం ఎవరో స్కూటరాయన పది రూపాయలు పెట్టాడట. దాన్ని కళ్లకు అద్దుకుని, తిన్నగా లోపలికి పోయి, టీచరమ్మ బల్ల సొరుగు లాగి అందులో వేసి, అప్పుడు చాప మీద కూర్చుందట. అదే వరస కొన్నాళ్లు నడిచింది. తన సొరుగులో నోట్లు ఎక్కడినుంచి వస్తున్నాయో ఆవిడకు అంతుపట్టలేదు. ఒకరోజు గేటు దగ్గర కాపు కాసి చూసింది. ఆ పూటే నాకు కబురు పెట్టింది.

టీచరమ్మది జూపాడు బంగ్లా వైపు ఊరు. మాట కరుకు, కల్లాకపటం తెలియదు. నేను కూర్చోకముందే, "ఏందప్పా, పిల్లకు ఇదేం నేర్పినారు? పొద్దున్నే గేటు కాడ వచ్చేటోళ్ల ముందర చెయ్యి చాపుతాంది" అంది.

నాకు తల తీసేసినట్టయింది. ఆ వెంటనే కోపమూ వచ్చింది. మా ఇంటావంటా చెయ్యి చాపేవాళ్లు లేరమ్మా, మాది అంగడి, అది బోణీ అని మొత్తం చెప్పాను. నీ పేరు చెప్పాను, గల్లాపెట్టె చెప్పాను, బట్టలంగడాయన సంగతి కూడా చెప్పాను. అంతా విని ఆవిడ నవ్వింది. నవ్వి ఊరుకుంటే బాగుండేది.

"ఆ చెయ్యి మంచిదని ఊరంతా వాడుకున్నారు, సరే. ఆ చేత్తో గుండీ పెట్టుకునేది ఎవురూ నేర్పలేదే?"

అన్నా, నీకు ఈ మాట చదివితే కోపం వస్తుందని తెలుసు, నాకూ వచ్చింది. మిల్లులో ఆ రోజంతా మనసులో ఆవిడతో కొట్లాడుతూనే ఉన్నాను. మేం పిల్లను నెత్తిన పెట్టుకుని చూశాం, నీకేం తెలుసు అని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి సుజాత పిల్లకు గౌను తొడిగి గుండీలు పెడుతోంది. పిల్ల చేతులు రెండూ వదిలేసి బొమ్మలా నిలబడి ఉంది. తొమ్మిదేళ్ల పిల్ల. అది చూశాక కొట్లాడటానికి నాకేమీ మిగల్లేదు.

టీచరమ్మ మాత్రం బోణీ మాన్పించలేదు. డబ్బు వద్దు, ఆచారం ఉండనీ అంది. ఇప్పుడు పొద్దున ముందుగా వచ్చిన పిల్లాడు తన సంచి వాసవి చేతికివ్వాలి. అది కళ్లకు అద్దుకుని గోడ మేకుకు తగిలిస్తుంది. ఆ తర్వాతే బడి మొదలు. నడవలేని పిల్లాడొకడు మూడు చక్రాల బండిలో వస్తాడు, వాడికి ముందుగా రావాలని పంతం. వాళ్లమ్మను తెల్లారకముందే లేపుతున్నాడట. మొదటి సంచితో ఆగక మన పిల్ల ఇప్పుడు అందరి సంచులూ తనే తగిలిస్తోంది. ఎవరి మేకు ఏదో తెలుసు దానికి. నేను నా కళ్లతో చూశాను.

గుండీలు కూడా వస్తున్నాయి. నిన్న పై గుండీ కింది కాజాలో పెట్టుకుని, యూనిఫాం గౌను ఒక పక్కకు ఎగదన్నుకుని, అట్లాగే బడికి పోయింది. సరిచేయబోతే సుజాత నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ వంకర గౌను చూసి మేమిద్దరం నవ్వాం, తర్వాత సుజాత ఏడ్చింది. నేనూ కొంచెం ఏడ్చాననుకో.

పిల్ల పోయినప్పటినుంచి బేరాలు పడిపోయాయని నువ్వు ఫోనులో అన్నావు. ఈ ఎండల్లో మన బేరాలు ఏ ఏడు బాగున్నాయి చెప్పు? నీ దిగులు బేరాల గురించి కాదని నాకు తెలుసు. పక్కన పిల్ల లేక నీకు పొద్దుపోవడం లేదు. ఆ మాట అనడానికి మొహమాటపడి బేరాల మీద పెడుతున్నావు. అది నీకూ కూతురే. దాన్ని నీ దగ్గరినుంచి లాక్కొచ్చానని మాత్రం అనుకోవద్దు.

వదినను కొర్రబియ్యం, ఇంట్లో కొట్టిన కారం కొంచెం పంపమని సుజాత అడగమంది. ఇక్కడి కారంలో ఘాటు లేదట. బట్టలంగడాయనకు నా నమస్కారాలు చెప్పు. నూనె మాత్రం రాయించుకో.

ఇంతటితో ముగిద్దామనుకున్నాను గాని ఈ సాయంత్రం జరిగింది కూడా రాయాలి. ఇచ్చిన మాట మాటే కదా, నువ్వు ఆదివారం వచ్చి రమ్మంటే కాదనలేను అనుకుని, పిల్ల బట్టలు సర్దమని సుజాతకు చెప్పాను. తను సర్దింది. వాసవి వచ్చి యాడికి అని అడిగింది. పెదనాయన వస్తాండాడు, నిన్ను ఆళ్లగడ్డకు తీసుకుపోతాడు అన్నాను. నీ పేరు వినగానే చప్పట్లు కొట్టింది, ఇల్లంతా తిరిగింది. నా ప్రాణం ఉసూరుమంది. సరే, పిల్ల మనసు అక్కడే ఉంది అనుకున్నాను. కాసేపటికి తాడు మీద ఆరేసిన యూనిఫాం చూసి ఆగిపోయింది. బడి అంది. ఆళ్లగడ్డలో ఈ బడి లేదమ్మా అన్నాను. చాలాసేపు ఆ యూనిఫాం వంకా, సర్దిన సంచి వంకా చూసింది. తర్వాత సంచిలోంచి బట్టలన్నీ తీసి కింద పెట్టి, ఖాళీ సంచి నా చేతికిచ్చింది.

"నాకు బడి ఉండాది. పెదనాయననే బట్టలు తెచ్చుకుని ఈడికి రమ్మను."

దాని మాట నీకు రాసి పంపుతున్నాను. జవాబు నువ్వే వచ్చి దానికి చెప్పు.

మీ ఇద్దరి దీవెనలు మా పిల్ల మీద ఎప్పటిలాగే ఉండాలని కోరుకుంటూ,
నీ తమ్ముడు,
శ్రీనివాసులు